నల్లరేగడి, సోయా పిప్పి

వంటింటి గట్టు మీద మూడు స్టీలు గ్లాసులు వరసగా పెట్టాను. మొదటిదాంట్లో రెండు చెంచాల బెంటొనైట్ రవ్వ, రెండోదాంట్లో తరిగిన సేమ్యాలా ఉండే టోఫు లిట్టర్, మూడోదాంట్లో చెక్కపొట్టు పెల్లెట్లు. మూడింట్లోనూ సగం దాకా నీళ్లు పోసి నిలబడ్డాను. హాల్లోంచి వచ్చిన అమ్మ, "ఏం పిండి నానేశావే?" అంది. పిల్లుల ట్రేలో వేసే సరుకని చెప్తే ముక్కు చిట్లించింది. చిట్లించిందే గానీ మొదటి గ్లాసులో వేలు పెట్టకుండా ఉండలేకపోయింది. కాస్త తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య రాసి, "ఇది రేగడే కదే, దీన్ని డబ్బులిచ్చి కొన్నావా?" అంది.

అమ్మది పర్చూరు దగ్గర పల్లె. వానపడితే కాలు పెట్టనివ్వని, ఎండాకాలం నోళ్లు తెరుచుకునే నేల ఆవిడకు పుట్టింటి సంగతి. ఊరికే అన్న మాట కాదది. నల్లరేగడికి ఆ జిగటా ఆ నెర్రెలూ తెచ్చేది మాంట్మొరిల్లొనైట్ జాతి ఖనిజం. బెంటొనైట్‌లో ముఖ్యంగా ఉండేదీ అదే. పేకదొంతరలా పొరమీద పొర ఉంటుంది. నీళ్లు ఆ పొరల మధ్యకు దూరి వాటిని ఎడం చేస్తాయి. సోడియం ఎక్కువున్న బెంటొనైట్ అయితే పొడిగా ఉన్నప్పటికంటే పది, పదిహేను రెట్ల దాకా ఉబ్బుతుంది. బండి చక్రాన్ని పట్టుకుని వదలని గుణమే ట్రేలో పిల్లి మూత్రాన్ని ఉండ కట్టిస్తుంది.

ఇప్పుడు సంచుల మీది రాతలు చూడండి. టోఫు సంచి మీద లేత ఆకుపచ్చ ఆకు, దాని కింద 'మట్టిలో కలిసిపోతుంది' అన్న అర్థం వచ్చే మాట. బెంటొనైట్ సంచి మీద అలాంటిదేం లేదు. బెంటొనైట్‌ని తిట్టేవాళ్లందరూ మొదట ఎత్తేది ఆ లోటునే: ఇది మట్టిలో కలవదు, వేల ఏళ్లు అలాగే పడి ఉంటుంది అని. మట్టి మీద మట్టిలో కలవదన్న నింద! ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి చూడాలన్న బుద్ధి నాకు పుట్టింది ఇక్కడే.

పిల్లి కాలకృత్యాలకు సరుకు కొనడమనేదే నిన్నమొన్నటి అలవాటు. 1947 జనవరిలో అమెరికాలోని మిచిగన్ రాష్ట్రంలో ఎడ్ లో అనే కుర్రాడి దగ్గరికి పొరుగావిడ ఇసుక అడగడానికి వచ్చింది. ఆవిడ ఇసుక కుప్ప చలికి గడ్డకట్టుకుపోయింది. బూడిద వాడితే పిల్లి ఇల్లంతా నల్లని అడుగులు వేస్తోంది. అతని కుటుంబానిది ఫ్యాక్టరీలకు నూనె, తేమ పీల్చే సరుకులు అమ్మే వ్యాపారం. ఇసుకకు బదులు ఫుల్లర్స్ ఎర్త్ ఇచ్చి పంపాడు. మనం మొహాలకు రాసుకునే ముల్తానీ మట్టి ఆ కోవదే. ఆవిడ మళ్లీ అదే కావాలని వచ్చింది. అతను ఐదు పౌండ్ల సంచుల మీద 'కిట్టీ లిట్టర్' అని రాసి 65 సెంట్లకు అమ్మకానికి పెట్టాడు. ఇసుక ఊరికే దొరికే లోకంలో దీన్ని ఎవరు కొంటారని మొదట్లో అంతా నవ్వారట. ఉండకట్టే బెంటొనైట్ రావడానికి 1980ల దాకా ఆగాల్సి వచ్చింది.

కిట్టీ లిట్టర్‌కి ముందు వాడినవేంటి? బూడిద, ఇసుక, రంపపు పొట్టు, చింపిన పేపర్లు. అంటే మొక్క సరుకే పాతది. మట్టి వచ్చి దాన్ని గెంటేసింది. ఇప్పుడది కొత్త సంచి, కొత్త పేరు, కొత్త ధరతో తిరిగొచ్చింది. అమ్మమ్మగారి ఇంట్లో పిల్లికి దొడ్లో పొయ్యి బూడిద పోసే మూల చాలేది. ఎవరూ దాన్ని శుభ్రం చేసిన గుర్తు లేదు.

పుట్టుక సంగతి తీసుకుంటే మాత్రం తూకం మొక్కవైపే మొగ్గుతుంది, ఇందులో వాదించడానికేం లేదు. మన దేశంలో బెంటొనైట్ ఎక్కువగా కచ్ నేలలోంచి వస్తుంది. పైమట్టిని ఎత్తిపోసి, గోతులు తవ్వి, తీసినదాన్ని ఆరబెట్టి, పొడిచేసి, జల్లించి, లారీల మీద వెయ్యి కిలోమీటర్ల పైన ప్రయాణం చేయించి తెస్తే అది నా పిల్లి కింద ఒక్క పూట ఉంటుంది. టోఫు లిట్టర్ అలా కాదు. సోయా పాలు తీశాక మిగిలిన పిప్పి అది. పశువుల దాణాకు పోగా మిగిలితే పారబోసే సరుకు. దానికి మొక్కజొన్న గంజిపిండి, ఉండకట్టడానికి గోరుచిక్కుడు గింజల జిగురు కలిపి, జంతికల గొట్టంలోంచి వత్తినట్టు వత్తి, ముక్కలు చేసి ఆరబెడతారు. గోరుచిక్కుడు ప్రపంచంలో అన్నిటికంటే ఎక్కువ పండేది మన దేశంలోనే, అందులోనూ రాజస్థాన్‌లో. నేను ఇంతవరకు కొన్న నాలుగు రకాల టోఫులో మూడు చైనాలో తయారైనవి. మన జిగురు సముద్రం దాటి వెళ్లి, పిప్పిని కలుపుకుని, పిల్లి కోసం వెనక్కి వస్తోందేమో అనిపిస్తుంటుంది.

మొక్కజొన్న, గోధుమ లిట్టర్ల గురించి ఒక్క మాట చెప్పి వదిలేస్తాను. అమెరికాలో వాటికి మంచి గిరాకీ ఉంది, ఉండ కూడా బాగానే కడతాయి. కానీ తినే గింజను పిండి చేసి పిల్లి కింద పరవడానికి నా చెయ్యి రాదు. అన్నం పరబ్రహ్మ స్వరూపం అని వింటూ పెరిగిన చెయ్యి ఇది. పైగా వానాకాలంలో పురుగు పడుతుంది. పిప్పి, పొట్టు వేరు. అవి మిగిలిపోయినవి.

మిగిలిపోయినవంటే మన దగ్గర ఊకకు కొదవా అని ఎవరైనా అడగొచ్చు. మిర్యాలగూడ మిల్లుల దగ్గర, గోదావరి జిల్లాల మిల్లుల దగ్గర కొండల్లా పోసి ఉంటుంది కదా. నేనూ అలాగే అనుకుని ఒకసారి గోనెసంచెడు తెప్పించాను. వడ్లగింజ నీళ్లను దూరం పెట్టడానికే కట్టుకున్న కోటు ఊక. దాన్నిండా సిలికా. మూత్రం దాని మీద నుంచి జారి అడుక్కి చేరి అక్కడే కంపు కొట్టింది. కోనసీమ కొబ్బరి పొట్టు అలా కాదు, తన బరువుకు ఎన్నో రెట్లు నీళ్లు తాగుతుంది, చవక కూడా. ఐదు కిలోల ఇటుక నానితే పెద్ద టబ్బు నిండుతుంది. ఉండ మాత్రం కట్టదు. తడి కాళ్లకు అంటుకుని తెల్లటి గచ్చు మీద గోధుమరంగు ముగ్గులు వేస్తుంది. ఎడ్ లో పొరుగావిడ బాధ బూడిదతో ఏదో, నాకు కొబ్బరి పొట్టుతో అదే.

ఇక గ్లాసుల దగ్గరికి వద్దాం. పావుగంటకి బెంటొనైట్ నీళ్లన్నీ తాగేసి నున్నటి బురదలా పేరుకుంది. గ్లాసు వంచితే కదల్లేదు. టోఫు ముక్కలు ఉబ్బి, చెంచాతో తిప్పగానే విడిపోయి మజ్జిగ పులుసులా అయ్యాయి. చెక్క పెల్లెట్లు మూడింతలై పొట్టుగా విచ్చుకున్నాయి, అడవి వాసన వచ్చింది. ట్రేలో జరిగేది ఇదే. బెంటొనైట్ ఉండ గట్టిది, స్కూప్‌తో ఎత్తినా విరగదు. టోఫు ఉండ కట్టిన కొత్తలో బాగుంటుంది. మూడోసారి తవ్వేటప్పటికి అంచులు రాలి కిందకు పోతాయి. చెక్క అసలు ఉండ కట్టదు. తడిసినది పొట్టయి కిందకు రాలడానికి జల్లెడ అడుగున్న ట్రే కావాలి. బియ్యం జల్లించినట్టు దాన్ని రోజూ అటూ ఇటూ ఊపాలి.

ఉండ విషయంలో సౌకర్యం కంటే పెద్ద సంగతి ఒకటుంది. సంచుల మీద అది రాయరు. మా రంగడికి రెండేళ్ల కిందట మూత్రం దారిలో ఇబ్బంది వచ్చింది. మగపిల్లుల్లో ఆ దారి పూర్తిగా మూసుకుపోతే గంటల లెక్కన ప్రాణం మీదకొస్తుంది. ఆ రోజు నేను పసిగట్టగలిగింది ట్రేలో ఉండలు నిమ్మకాయంత ఉండేవి గోళీలంత చిన్నవై, లెక్కలో ఎక్కువై కనపడటం వల్లే. షుగరొచ్చిన పిల్లికి, కిడ్నీలు దెబ్బతిన్న పిల్లికి ఇందుకు వ్యతిరేకంగా జరుగుతుంది, ఉండలు పెద్దవవుతాయి. ఉండకట్టే లిట్టర్ అంటే పిల్లి రాసుకునే డైరీ. చెక్క పెల్లెట్లలో ఆ డైరీ ఉండదు, అంతా పొట్టులో కలిసిపోతుంది. టోఫులో డైరీ ఉంటుంది గానీ పేజీలు చిరిగి ఉంటాయి. తెల్లటి టోఫుకి ఒక లాభం ఉంది, మూత్రంలో ఎరుపు ఉంటే ఇట్టే కనపడుతుంది. బూడిదరంగు బెంటొనైట్ మీద అది దాగిపోతుంది.

ఇంతకీ తీర్పు చెప్పాల్సింది పిల్లి. ఇంటి పిల్లి పూర్వీకులు ఎడారి అంచుల్లో తిరిగిన అడవిపిల్లులు. సన్నగా, మెత్తగా, తవ్వితే తప్పుకునే ఇసుక వాటి కాలికి తెలుసు. సన్న రవ్వలాంటి ఉండకట్టే మట్టినే పిల్లులు ఎక్కువగా ఇష్టపడతాయని ప్రవర్తన మీద పనిచేసేవాళ్లు ఎప్పుడో గమనించారు. మా ఇంకో పిల్లి సుందరి టోఫుకి వారంలో ఒప్పుకుంది. పాతదాంట్లో కొత్తది రోజుకు గుప్పెడు చొప్పున కలుపుతూ మార్చాను. రంగడు చెక్క పెల్లెట్ల మీద ఒక కాలు పెట్టి, గులకరాళ్ల మీద చెప్పుల్లేకుండా నడిచేవాడిలా వెనక్కి తీసేసుకుని, పోయి స్నానాలగది మూల పని కానిచ్చాడు. పర్యావరణం మీద మనకెంత ప్రేమ ఉన్నా పిల్లి ఒప్పుకోకపోతే ఆ లిట్టర్ సున్నా. టోఫులో పీచు పండు వాసన, గ్రీన్ టీ వాసన వేసి అమ్మేవి ఇంకో తలనొప్పి. ఆ వాసనలు మన ముక్కుకు. పిల్లి ముక్కుకు అవి అగరొత్తుల దుకాణంలో నిద్రపొమ్మన్నట్టు. వాసన లేనివే కొనండి, ఏ రకమైనా సరే.

దుమ్ము, బరువు: ఈ రెంటిలో మాత్రం బెంటొనైట్ తరఫున నోరెత్తడానికి లేదు. సంచి ఒంపేటప్పుడు కిటికీ వెలుతురులో లేచే ఆ పొగలో సన్నటి సిలికా రేణువులు ఉంటాయి. ఉబ్బసం ఉన్న మనిషికీ మంచిది కాదు, ట్రేలో తలదూర్చి తవ్వే పిల్లికీ కాదు. రెండు నెలల్లోపు పిల్లకూనలకు ఉండకట్టే మట్టి అసలు వద్దంటారు డాక్టర్లు. అవి దాన్ని నాకుతాయి, అది కడుపులో ఉబ్బుతుంది. ఆపరేషన్ చేయించిన వారం రోజులు కుట్లకు అంటకుండా కాగితమే వేయమంటారు. సుందరి ఆపరేషనప్పుడు మా ఇంట్లో ఆదివారం అనుబంధాలన్నీ అలాగే ఖర్చయ్యాయి. బరువంటారా, మాకు లిఫ్టు లేదు, మూడో అంతస్తు. ట్రే నిండేంత బెంటొనైట్ మోసే చేతికి అంతే ట్రే నిండే టోఫు సగం బరువు. కిలో లెక్కన ధర చూసి టోఫు రెండు మూడింతలు ఖరీదని తేల్చేస్తాం గానీ, ట్రే లెక్కన చూస్తే ఆ తేడా బాగా తగ్గుతుంది.

ఇక పోయే దారి. ఆకు బొమ్మ మాట్లాడేది దీని గురించే.

మాది హైదరాబాద్‌లో సైనిక్‌పురి వైపు. పొద్దున ఏడింటికి చెత్త ఆటో వస్తుంది. బెంటొనైట్ వాడే రోజుల్లో ఒకసారి సంచి అందుకున్న అక్క, "ఏందమ్మా ఇది, సిమెంటు లెక్కుంది? డ్రమ్ములేస్తే లేస్తలేదు" అంది. ఆమె రెండు చేతులతో సంచిని ఆటో అంచు మీదకు ఎత్తుతుంటే చూశాను. టోఫుకి మారాక ఆ మాట అనలేదు. నేను రోజూ పొద్దున మట్టిలో కలిసిపోయే సరుకు పంపిస్తున్నానన్న తృప్తితో ఉన్నాను. ఒకరోజు ఆగి చూస్తే ఆ సంచిని ఆమె ప్లాస్టిక్ కవరుతో సహా మిగతా అన్నిటి మీదా పడేసింది. ఇంకేం చేస్తుంది? పిల్లి మలం ఉన్నదాన్ని కూరగాయ తొక్కలతో కలిపి ఎరువు చేయడానికి ఎవరూ తీసుకోరు, తీసుకోకూడదు కూడా. అది చేరేది చెత్తగుట్టకే.

చెత్తగుట్టలో రెంటి స్థానాలూ తారుమారవుతాయి. గాలి ఆడని గుట్ట లోపల మొక్క సరుకు మట్టిలో కలిసిపోదు, కుళ్లి మీథేన్ అవుతుంది. వందేళ్ల లెక్కలో మీథేన్ వేడిని పట్టి ఉంచడంలో బొగ్గుపులుసు వాయువుకు పాతిక రెట్ల పైమాటే. బెంటొనైట్ ఏమీ కాదు. అలాగే పడి ఉంటుంది, నిందలో చెప్పినట్టే. కానీ అలా పడి ఉండటం చెత్తగుట్టలో తప్పెలా అవుతుంది? పద్ధతి ప్రకారం కట్టే చెత్తగుట్టల అడుగున మురుగు భూమిలోకి ఇంకకుండా పరిచే పొరల్లో వాడేది ఈ బెంటొనైట్‌నే. జవహర్‌నగర్‌లో చెత్త నుంచి కరెంటు తీసే ప్లాంటుకు చేరితే మళ్లీ తూకం మారుతుంది. పొట్టు మండుతుంది, మట్టి మండదు. అందుకే 'మట్టిలో కలిసిపోతుంది' అన్నది సరుకు గుణమని నేను ఒప్పుకోను. అది ఆ సరుకు చేరే చోటి గుణం. సంచి మీద ఆకు బొమ్మ వేసినవాడికి ఆ చోటు మీద అధికారం లేదు, నాకూ లేదు.

కొన్ని టోఫు సంచులు దీనికి దొడ్డిదారి చూపిస్తాయి: టాయిలెట్‌లో వేసి నీళ్లు వదిలేయొచ్చని. పిల్లి కళ్లు మూసుకుని పాలు తాగడమంటే ఇదే. పిల్లుల మలంలో టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి గుడ్లు ఉండే అవకాశం ఉంది. క్లోరిన్‌కి కూడా అవి లొంగవు. కాలిఫోర్నియా తీరంలో సముద్రపు నీటికుక్కలకు (సీ ఆటర్) ఈ జబ్బు సోకుతోందని గమనించాక, పిల్లి మలాన్ని టాయిలెట్లో, డ్రెయిన్లో వేయొద్దని లిట్టర్ సంచుల మీద హెచ్చరిక రాయాలంటూ ఆ రాష్ట్రం 2006లో చట్టం చేసింది. మన మూసీ సంగతి చెప్పక్కర్లేదు. పరాన్నజీవి మాట పక్కన పెట్టినా, మజ్జిగ పులుసైన ఆ పిప్పి పాత పైపు వంపులో పేరుకుంటే ఏమవుతుందో మా కింది ఫ్లాట్‌వాళ్లకు తెలుసు. తప్పు నాదే, ప్లంబరు డబ్బులూ నావే.

ఆ పరాన్నజీవి గురించే మరో మాట. మలం బయటపడ్డాక అది అంటుకునే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. మట్టయినా పిప్పయినా రోజూ తీసేస్తే భయం చాలావరకు తగ్గుతుంది. గర్భిణులు ఆ పని ఇంకొకరికి అప్పజెప్పడం మంచిది. మిద్దెతోట ఉన్నవాళ్లు మూత్రంతో తడిసిన చెక్కపొట్టు వరకు ఎరువు డ్రమ్ములో వేయొచ్చు, మూత్రంలోని నత్రజనీ పొట్టులోని కర్బనమూ ఒకదానికొకటి సాయం. మలం మాత్రం వద్దు. అలా చేసిన ఎరువును పూలమొక్కలకు వాడండి గానీ గోంగూర, కొత్తిమీర కుండీల దగ్గరికి తీసుకురావద్దు. ఆకుబొమ్మ మాట నిజమయ్యేది ఇలాంటి ఇంట్లో, ఇలాంటి ఓపిక ఉన్నవాళ్ల దగ్గరే. దొడ్డి ఉన్న ఇల్లయితే నేను కళ్లు మూసుకుని చెక్క పెల్లెట్లే వేద్దును, రంగడిని ఎలాగో బతిమాలుకుని.

ఇప్పుడు మా ఇంట్లో మూడు ట్రేలున్నాయి. రెండింట్లో వాసన లేని టోఫు, ఒకదాంట్లో బెంటొనైట్. ఆ మూడోది రంగడి ఉండలు లెక్కపెట్టడానికి. టోఫు కొంటున్నది మట్టిలో కలుస్తుందని కాదు. గని తవ్వక్కర్లేదని, దుమ్ము లేవదని, మూడంతస్తులు మోయడానికి తేలికని, ఆటో అక్క చేతులకు కూడా తేలికని. సంచి మీద ఇవేవీ పెద్దక్షరాల్లో ఉండవు.

జూన్‌లో మేడ మీద రెండు ఖాళీ కుండీల్లో, వాడని బెంటొనైట్ ఒకదాంట్లో, టోఫు ఒకదాంట్లో నాలుగేసి గుప్పెళ్లు పాతిపెట్టాను. నవంబరులో తిరగేశాను. టోఫు కుండీలో వెతికినా ఏమీ దొరకలేదు. మధ్యలో ఒక నెల బూజు పట్టి, చిన్న దోమలు ముసిరాయంతే. బెంటొనైట్ కుండీలో జానెడు లోతున బూడిదరంగు పొర అలాగే ఉంది, పైన మాత్రం నెర్రెలిచ్చింది. అమ్మ ఆ నెర్రెలో వేలు పెట్టి లోతు చూసి, "అడుగున ఇంకా చెమ్మ ఉందే. శనగలు చల్లే రోజులు, నాలుగు గింజలు పడేద్దామా?" అంది.